అమెరికా ‘వార్మింట్’ రైఫిల్, దూరదర్శిని: అందుబాటు ధర చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

అమెరికాలో పంటచేలను, పచ్చికబీళ్ళను పాడుచేసే చిన్న జంతువుల వేటకు ప్రత్యేకించిన రైఫిళ్ళు, వాటిపై బిగించే దూరదర్శినులు 1930 తరవాత సామాన్యుడి కొనుగోలుశక్తికి అందివచ్చిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తుపాకి ధర ఒక్కటే ఈ చరిత్రను నడిపించలేదు. తూటా ఖర్చు, దూరదర్శినిని బిగించే వీలు, గొట్టం లోపలి మెలిక, చట్టాలు కూడా ఎంపికను నిర్ణయించాయి. ఏ జంతువును ‘చీడ’గా లెక్కించాలన్న ప్రశ్న వీటన్నిటి వెనుకా ఉంది.

కీలక పదాలు: వార్మింట్, .22 హార్నెట్, .222 రెమింగ్టన్, వీవర్ దూరదర్శిని, ప్రెయిరీ డాగ్, పంటరక్షణ, ఆయుధ చట్టం.

1. ఉపోద్ఘాతం

‘వార్మింట్’ అనేది ‘వర్మిన్’ అన్న ఇంగ్లీషు పదానికి మాండలిక రూపం. దాని మూలం పురుగు అని అర్థమిచ్చే లాటిన్ పదం ‘వెర్మిస్’. పురుగును సూచించిన మాట క్రమంగా ఎలుకలకు, నక్కలకు, కాకులకు, చివరకు రైతుకు నష్టం కలిగించే ఏ ప్రాణికైనా వర్తించింది. తెలుగు పల్లెల్లో పామును పేరుపెట్టి పిలవకుండా ‘పురుగు’ అంటారు, పాముకాటును ‘పురుగు ముట్టింది’ అంటారు. అక్కడ ఆ మాట వెనుక ఉన్నది భయం, కొంత గౌరవం. ఇంగ్లీషులో అదే అర్థచ్ఛాయ చంపడానికి అనుమతిగా మారింది. ఒక జంతువు ‘వార్మింట్’ అనిపించుకుంటే దానికి వేటకాలపు పరిమితి ఉండదు, సంఖ్యా పరిమితి ఉండదు, మాంసాన్ని వాడుకోవాలన్న నియమమూ ఉండదు. అమెరికాలోని చాలా రాష్ట్రాల వేట నిబంధనలలో ఈ భావన ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది.

తూర్పు రాష్ట్రాలలో ఈ పేరు ప్రధానంగా ఉడ్‌చక్‌కు చెందింది. గ్రౌండ్‌హాగ్ అన్నా ఇదే. ఇది గడ్డిభూముల్లో బొరియలు తవ్వుతుంది, చిక్కుడు జాతి పైర్లను తింటుంది. ఆ బొరియల్లో పశువుల కాళ్ళు, ట్రాక్టరు చక్రాలు దిగబడతాయన్నది రైతుల ఫిర్యాదు. మధ్య మైదానాలలో ఈ పేరు ప్రెయిరీ డాగ్‌కు, పడమటి రాష్ట్రాలలో నేల ఉడుతకు, కొయోట్‌కు, జాక్‌రాబిట్ అనే పెద్ద చెవుల కుందేలుకు వర్తించింది. పేరులో ‘డాగ్’ ఉన్నా ప్రెయిరీ డాగ్ కుక్క కాదు, ఉడుత కుటుంబానికి చెందిన ప్రాణి.

2. చీడ అన్న లెక్క

తుపాకుల చరిత్రకు ముందు అంకెల చరిత్ర ఉంది. అమెరికా వ్యవసాయశాఖలో జీవసర్వేక్షణ విభాగానికి అధిపతిగా ఉన్న సి. హార్ట్ మెరియమ్ ఆ శాఖ 1901 సంవత్సరపు వార్షిక సంపుటిలో ప్రెయిరీ డాగ్ గురించి రాశాడు. 32 ప్రెయిరీ డాగులు ఒక గొర్రె మేతను, 256 ప్రెయిరీ డాగులు ఒక ఆవు మేతను తినేస్తాయని లెక్కకట్టాడు. వీటివల్ల పచ్చికబీళ్ళ ఉత్పాదకత 50 నుంచి 75 శాతం వరకు పడిపోతుందని అంచనా వేశాడు. తరవాతి క్షేత్రపరిశోధనలు ఈ నష్టాన్ని అంతకంటే చాలా తక్కువగా తేల్చాయి. కాని అప్పటికి ఆ అంకెలు విధానంగా మారిపోయాయి. 1915లో అమెరికా కాంగ్రెసు తోడేళ్ళు, కొయోట్ల వంటి వేటజంతువుల నియంత్రణకు 1,25,000 డాలర్లు కేటాయించింది. 1931లో జంతునష్ట నియంత్రణ చట్టం ఈ పనికి శాశ్వత ప్రాతిపదిక కల్పించింది.

ప్రభుత్వం ప్రధానంగా విషాన్ని నమ్ముకుంది. రైతు తుపాకిని నమ్ముకున్నాడు. విషంతో పోలిస్తే తుపాకి కలిగించిన నష్టం స్వల్పమని ఒప్పుకోక తప్పదు. కాని తుపాకి ఎంపికపై జరిగిన చర్చలన్నీ ఈ లెక్కను ప్రశ్నించకుండానే స్వీకరించాయి. ఈ విషయానికి వ్యాసం చివర తిరిగి రావలసి ఉంది.

3. హార్నెట్: తుపాకికంటే ముందు వచ్చిన తూటా

1920ల నాటికి సామాన్య రైతు ఇంట్లో రెండు రకాల తుపాకులు ఉండేవి. ఒకటి చిన్న .22 రిమ్‌ఫైర్ రైఫిల్, రెండవది జింకల వేటకు వాడే లీవర్ రైఫిల్. మొదటిదాని తూటా చవక, శబ్దం తక్కువ. కాని వంద గజాలకు కొంత ఇవతలే దాని సామర్థ్యం సన్నగిల్లుతుంది. రెండవదాని శబ్దం, కుదుపు, తూటా ఖర్చు ఎక్కువ. దాని కచ్చితత్వమూ చాలదు. వంద గజాల దూరంలో మూడు అంగుళాల వలయంలో గుళ్ళు పడితే జింక వేటగాడికి ఇబ్బంది లేదు. అదే రైఫిల్‌తో రెండువందల గజాల దూరాన ఉన్న ఉడ్‌చక్‌ను గురిచూస్తే ఆ వలయం ఆరు అంగుళాలకు విస్తరిస్తుంది. అప్పుడు దెబ్బ తగలడం అదృష్టం మీద ఆధారపడుతుంది. గాయపడిన జంతువు బొరియలోకి దూరి అక్కడే నెమ్మదిగా చనిపోవడం ఇంకా ఘోరం. కనుక వార్మింట్ వేటలో కచ్చితత్వం విలాసం కాదు, కనీస అవసరం.

ఈ ఖాళీని పూరించినది .22 హార్నెట్. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో కర్నల్ టౌన్సెండ్ వీలెన్, కెప్టెన్ జి. ఎల్. వోట్కిన్స్ తదితరులు 1920ల చివర దీనిపై ప్రయోగాలు చేశారు. నల్లమందు కాలపు పాత .22 డబ్ల్యు.సి.ఎఫ్. తూటాను వారు ఆధారంగా తీసుకున్నారు. శిక్షణకోసం తయారైన .22 రైఫిళ్ళ గదిని మార్చి అందులో కొత్త పొగలేని మందు నింపిన తూటాను పరీక్షించారు. 1930లో వించెస్టర్ సంస్థ ఈ తూటాను కర్మాగారంలో తయారుచేయడం మొదలుపెట్టింది. అప్పటికి దానిని పేల్చగల వాణిజ్య రైఫిల్ మార్కెట్లో లేదు. సాధారణంగా తుపాకి ముందు, తూటా వెనుక వస్తాయి. ఇక్కడ వరుస తలకిందులైంది. ఔత్సాహికులు తమ పాత రైఫిళ్ళను తుపాకి మరమ్మతుదారుల చేత మార్పించుకుని వాడారు. 1932-33 ప్రాంతంలో సావేజ్ సంస్థ తన చిన్న చవక బోల్టు రైఫిల్ మోడల్ 23-డిని, వించెస్టర్ తన మోడల్ 54ను ఈ తూటాకు అనువుగా విడుదల చేశాయి.

ఆ సంవత్సరాలు మహామాంద్యం కాలం. గిట్టుబాటు లేక పంటలు పొలంలోనే పాడవుతున్న రోజుల్లో ఒక కొత్త వేటతూటా నిలదొక్కుకోవడం ఆశ్చర్యం కలిగిస్తుంది. తక్కువ మందుతో పనిచేయడం దీనికి ఒక కారణం. గొట్టం త్వరగా అరగదు, కుదుపు నామమాత్రం, శబ్దం పొరుగు రైతును బెదరగొట్టదు. మరో కారణం భద్రత. 45 గ్రెయిన్ల తేలికైన గుండు, అంటే దాదాపు 3 గ్రాములు, వేగంగా వెళ్ళి నేలను తాకగానే చాలావరకు ముక్కలవుతుంది. బరువైన గుండులా ఎగిరిపడి పక్క పొలంలోని పశువుకో మనిషికో తగిలే ప్రమాదం తగ్గుతుంది. ఇళ్ళు, కంచెలు దగ్గరదగ్గరగా ఉన్న తూర్పు రాష్ట్రాల రైతుకు ఇది ధరకు సమానమైన విషయం. తన పొలంలో ఇతరులు వేటాడడానికి అనుమతించాలా వద్దా అన్నది కూడా చాలావరకు దీనిమీదే ఆధారపడింది.

1935లో వించెస్టర్ .220 స్విఫ్ట్‌ను తెచ్చింది. 48 గ్రెయిన్ల గుండును సెకనుకు 4,110 అడుగుల వేగంతో పంపగలదని ప్రకటించింది. కర్మాగార తూటాలలో 4,000 అడుగుల వేగం దాటినది అదే మొదటిది. మూడువందల గజాల దూరం కూడా దాని పరిధిలోకి వచ్చింది. అయితే గొట్టాన్ని త్వరగా తినేస్తుందన్న అపఖ్యాతి దానికి అంటుకుంది. ఆ అపఖ్యాతిలో కొంత అతిశయోక్తి ఉన్నా, గొట్టం మార్పించుకోలేని కొనుగోలుదారుకు అది నిజమైన భయమే.

ఇదే దశకంలో వించెస్టర్ .219 జిప్పర్, .218 బీ తూటాలను లీవర్ రైఫిళ్ళలో ప్రవేశపెట్టి భంగపడింది. లీవర్ రైఫిల్లో తూటాలు గొట్టం కింద ఒకదాని వెనుక ఒకటి నిలుస్తాయి. మొనదేలిన గుండు ముందు తూటా అడుగున పొడుచుకుంటే పేలే ప్రమాదం ఉంటుంది కాబట్టి మొన చదునుగా ఉండాలి. చదునైన మొన గాలిలో వేగాన్ని త్వరగా కోల్పోతుంది. పైగా ఖాళీ తూటా పైకి ఎగురుతుంది కాబట్టి రైఫిల్ నడినెత్తిన దూరదర్శినిని బిగించలేరు. వేగవంతమైన తూటా ఉండి చూపు లేకపోతే ఏం లాభం? తూటా, రైఫిల్, దూరదర్శిని మూడూ కలిసే ఒక సాధనమన్న సంగతిని ఈ వైఫల్యం స్పష్టం చేసింది.

4. పంతొమ్మిది డాలర్ల చూపు

రైఫిల్‌పై దూరదర్శిని కొత్త విషయం కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ పట్టణంలో విలియం మాల్కమ్ 1855 నుంచే గొట్టమంత పొడవైన దూరదర్శినులు చేసి అమ్మాడు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో వించెస్టర్ ఎ5 వచ్చింది. పిట్స్‌బర్గ్‌లో జాన్ అనర్టల్ 1930లలో మొదలుపెట్టిన దూరదర్శినులు గురిపోటీదారుల ఆదరణ పొందాయి. వీటిలో గురిని సరిచేసే మరలు దూరదర్శిని లోపల కాక బయటి పట్టీలలో ఉండేవి. పనితనం అమోఘం, ధర మాత్రం సామాన్యుడికి అందనిది. జర్మనీ నుంచి వచ్చే జైస్, హెన్సోల్ట్ దూరదర్శినుల ఖర్చుకు వాటిని బిగించే పనివాడి కూలి కలిపితే రైఫిల్ ధరను మించిపోయేది.

1930లో విలియం ఆర్. వీవర్ కెంటకీ రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో ఒక చిన్న కర్మాగారం ప్రారంభించాడు. అతని మోడల్ 3-30 ముప్పాతిక అంగుళం వ్యాసమున్న ఉక్కు గొట్టం. మూడు రెట్లు పెద్దదిగా చూపుతుంది. గురిని సరిచేసే మరలు లోపలే ఉంటాయి. బిగించే పట్టీతో సహా ధర 19 డాలర్లు. 1933లో సంస్థ టెక్సాస్‌లోని ఎల్ పాసోకు తరలింది. అమెరికాలో దూరదర్శినిని ధనికుల పెట్టెలోంచి రైతు గోడమేకు మీదికి తెచ్చినవాడు వీవర్ అనడం సాహసం కాదు.

ఇక్కడ చవకతనం ఎక్కడ నుంచి వచ్చిందో గమనించాలి. వీవర్ కటకాల నాణ్యత జర్మన్ కటకాలకు సాటిరాదు. చూపు మేర ఇరుకు, మసక వెలుతురులో బొమ్మ చీకటిగా కనిపించేది. గురి సరిచేయడానికి మర తిప్పితే అడ్డుగీత, నిలువుగీత కలిసే చోటు చూపువలయం మధ్య నుంచి పక్కకు జరిగి వికారంగా కనిపించేది. కాని ఉడ్‌చక్ వేట ఉదయపు, సాయంకాలపు ఎండలో, నిలకడగా కూర్చుని చేసే పని. జింక వేటగాడికి అవసరమైన మసక వెలుతురు సామర్థ్యం ఇక్కడ అంత అవసరం లేదు. అంటే వీవర్ తగ్గించుకున్న లక్షణాలు వార్మింట్ వేటగాడికి అంతగా అక్కరలేనివే. అందుబాటు ధర అన్నది వస్తువులో ఉండే గుణం కాదనీ, వస్తువుకూ పనికీ మధ్య కుదిరే పొత్తు అనీ చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అయితే ఒక అడ్డంకి మిగిలింది. మోడల్ 54 వంటి రైఫిళ్ళలో బోల్టు పిడి పైకి లేచే తీరు, భద్రతా మీట అమరిక దూరదర్శినిని తక్కువ ఎత్తులో బిగించనిచ్చేవి కావు. 1936లో వచ్చిన వించెస్టర్ మోడల్ 70 ఈ రెండింటినీ సరిదిద్దింది. దూరదర్శిని పట్టీలకు కావలసిన మరరంధ్రాలు కర్మాగారంలోనే వేసి అమ్మడం యుద్ధానంతరం క్రమంగా ఆనవాయితీ అయింది. కొనుగోలుదారు కోణంలో ఇది చిన్న విషయం కాదు. నాలుగు రంధ్రాలు కొనుగోలుదారుకు మరమ్మతుదారు కూలిని ఆదా చేశాయి. వీవర్ పట్టీ కొలత ఎంతగా స్థిరపడిందంటే తరవాతి సైనిక పట్టాలకు కూడా అదే పూర్వరూపమైంది.

1947లో వీవర్ ఒక అంగుళం గొట్టంతో కె శ్రేణిని తెచ్చింది. అందులో నాలుగు రెట్ల కె4 బాగా ప్రచారం పొందింది. 1940ల చివర ఒరెగాన్‌లోని లూపోల్డ్ సంస్థ గొట్టంలో నైట్రోజన్ వాయువు నింపి మూసి, లోపల మంచు పట్టకుండా చేసింది. జపాన్‌లో తయారై బుష్నెల్ వంటి పేర్లతో వచ్చిన దూరదర్శినులు తరవాతి దశకాలలో ధరలను ఇంకా దించాయి. చివరకు ఆ పోటీ ఎల్ పాసో కర్మాగారాన్నే మూయించడంలో పాత్ర వహించింది. ఎక్కువ రెట్లు చూపేదే మంచి దూరదర్శిని అన్న భ్రమ కూడా ఈ కాలంలోనే పెరిగింది. నేల వేడెక్కినప్పుడు పైకి లేచే గాలితెరలను కూడా పెద్ద రెట్లు అంతే పెద్దవిగా చూపుతాయి. మధ్యాహ్నపు ప్రెయిరీలో ఇరవై రెట్ల కంటే పది రెట్ల చూపే మెరుగని అనుభవజ్ఞులు గ్రహించారు.

5. రాతిచక్ పేరు పెట్టుకున్న కార్ఖానా

వార్మింట్ వేటగాడు జింక వేటగాడిలా ఏడాదికి పది తూటాలు పేల్చేవాడు కాదు. ఒక్క ప్రెయిరీ డాగ్ కాలనీ దగ్గర ఒకే రోజు వందలు పేల్చవచ్చు. కాబట్టి రైఫిల్ ధరను తూటా ఖర్చు త్వరలోనే దాటేస్తుంది. వాడిన తూటా గొట్టాలను తిరిగి నింపుకోవడం పొదుపరుల ఇంటిపనిగా మారింది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో గుళ్ళు దొరకలేదు. రాగి, సీసం యుద్ధానికి పోయాయి. అప్పుడు కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ 1943లో ఒక అచ్చు తయారుచేశాడు. గురిసాధన మైదానాల్లో పడివున్న .22 రిమ్‌ఫైర్ ఖాళీ గొట్టాలను సాగదీసి గుండు పైతొడుగుగా మార్చే అచ్చు అది. పడమటి కొండల్లో రాళ్ళమధ్య ఉండే రాక్‌చక్‌ను వేటాడడానికి ఉద్దేశించిన ఆ అచ్చు పేరు ‘రాక్ చక్ బుల్లెట్ స్వేజ్’. దాని పొడి అక్షరాలే ఆర్.సి.బి.ఎస్. అన్న సంస్థ పేరయ్యాయి. ఈనాటికీ తూటాలు నింపుకునే పనిముట్లలో ఆ పేరు ముందువరుసలో ఉంది. ఇడాహోలో వెర్నన్ స్పీర్, యుద్ధానంతరం నెబ్రాస్కాలో జాయిస్ హోర్నాడీ ఇదే మార్గంలో సంస్థలు నిర్మించారు. చెత్తలో పారేసిన ఇత్తడి నుంచి ఒక పరిశ్రమ పుట్టిన ఈ ఉదంతం ఆయుధ చరిత్రలో కంటే గృహపరిశ్రమల చరిత్రలో ఎక్కువగా చెప్పుకోదగినది.

సి. ఎస్. లాండిస్ 1947లో .22 వార్మింట్ రైఫిళ్ళపై, 1951లో ఉడ్‌చక్ రైఫిళ్ళపై ప్రచురించిన పెద్ద గ్రంథాలు ఈ ఇంటిప్రయోగాల ప్రపంచానికి నిలువెత్తు దాఖలాలు. కర్మాగారాలు గుర్తించని ఎన్నో సొంత తూటాలు అందులో నమోదయ్యాయి. 1930ల చివర పుట్టిన .22-250 అటువంటిదే. పాత .250 సావేజ్ తూటా మెడను సన్నం చేసి రూపొందించిన దీనిని రెమింగ్టన్ సంస్థ 1965లో గాని అధికారికంగా స్వీకరించలేదు.

6. ఇనుపకడ్డీ నుంచి రైఫిల్

యుద్ధం ముగిశాక కూలిరేట్లు పెరిగాయి. ఉక్కుదిమ్మను చెక్కి రైఫిల్ చేసే పాత పద్ధతి గిట్టుబాటు కాలేదు. రెమింగ్టన్ 1948లో తెచ్చిన మోడల్ 721, 722 రైఫిళ్ళలో ప్రధానభాగాన్ని గుండ్రని కడ్డీ నుంచి లేతు యంత్రంపై తిప్పి తీశారు. చిన్నభాగాలు కొన్ని రేకును అచ్చొత్తి చేశారు. అందం తగ్గింది, ధర తగ్గింది. విచిత్రంగా కచ్చితత్వం పెరిగింది. గుండ్రని భాగం చెక్కలో సమంగా కూర్చుంటుంది, గొట్టానికి సూటిగా అమరుతుంది.

దీని రూపకర్తలలో ఒకడైన మైక్ వాకర్ స్వయంగా గురిపోటీల్లో పాల్గొనే ఇంజనీరు. అతను 1950లో .222 రెమింగ్టన్‌ను ఈ రైఫిల్‌కే జోడించాడు. పాత తూటాను మార్చి చేసినది కాదు, పూర్తిగా కొత్తది. 50 గ్రెయిన్ల గుండును సెకనుకు 3,200 అడుగుల వేగంతో పంపుతుంది. హార్నెట్‌కూ స్విఫ్ట్‌కూ మధ్య ఉన్న ఖాళీలో కూర్చుంది. దాదాపు పాతికేళ్ళపాటు బల్లమీది గురిపోటీలను ఏలింది. చవక రైఫిల్ పోటీలు గెలవడం కొనుగోలుదారులకు కొత్త అనుభవం.

ఈ చవకతనానికి ఒక చీకటి కోణం ఉంది. వాకర్ రూపొందించిన ట్రిగ్గర్ అమరికలో వేలు తాకకుండానే పేలే అవకాశం ఉందని, దానిని నివారించే మార్పును తాను ఆనాడే సూచించానని, ఒక్కో రైఫిల్‌కు అయిదున్నర సెంట్లు అదనంగా ఖర్చయ్యే ఆ మార్పును సంస్థ చేపట్టలేదని వాకర్ వృద్ధాప్యంలో 2010 నాటి ఒక టెలివిజన్ కార్యక్రమంలో చెప్పాడు. 1962లో వచ్చిన మోడల్ 700 కూడా ఇదే అమరికను వారసత్వంగా పొందింది. తన రైఫిళ్ళు సురక్షితమేనని సంస్థ వాదిస్తూ వచ్చింది. చివరకు ఒక సామూహిక దావా రాజీలో ట్రిగ్గర్లు మార్చి ఇవ్వడానికి అంగీకరించింది. అయిదున్నర సెంట్లు! అందుబాటు ధర చరిత్ర రాసేవారు ఈ అంకెను పక్కన పెట్టలేరు.

ఇంకా దిగువ అంతస్తులో సావేజ్ మోడల్ 340 ఉండేది. చవక దుకాణాల, తపాలా జాబితాల రైఫిల్ అది. హార్నెట్‌లోనూ, .222లోనూ దొరికేది. 1958లో నికొలస్ బ్రూవర్ రూపొందించిన సావేజ్ 110లో గొట్టాన్ని ఒక పెద్ద నట్టుతో బిగించారు. తూటా కూర్చునే లోతును ప్రతి రైఫిల్‌కూ నిపుణుడు అరగదీసి సరిచేయనక్కరలేదు. కొలపరికరం పెట్టి గొట్టం తిప్పి నట్టు బిగిస్తే చాలు. నైపుణ్యపు కూలిని ఒక నట్టు భర్తీ చేసింది. నేటికీ చవక వార్మింట్ రైఫిల్ కావాలనేవారికి సావేజ్ పేరు తరచు వినిపించడానికి మూలం ఇదే. రెమింగ్టన్ 1967లో తెచ్చిన మోడల్ 788 కూడా ఈ కోవలోదే. చూడడానికి మొరటైనా గురిలో తన ఖరీదైన అన్న 700ను ఓడించిందనీ, అందుకే 1980లలో నిలిపివేశారనీ ఒక కథ వాడుకలో ఉంది. కథగా బాగుంటుంది. తయారీ ఖర్చు పెరిగి చవక రైఫిల్ చవకగా మిగలకపోవడం అంతకంటే సహజమైన కారణం.

1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ఈ మార్కెట్‌ను కుదిపింది. రాష్ట్ర సరిహద్దు దాటి తపాలాలో వ్యక్తికి నేరుగా రైఫిల్ అమ్మడం ఆగిపోయింది. మిగులు సైనిక రైఫిళ్ళ దిగుమతికి తలుపులు మూశారు. కొద్ది డాలర్లకు పాత మౌజర్ కొని, గొట్టం మార్పించి వార్మింట్ రైఫిల్ చేసుకునే పేదవాడి దారి ఇరుకయింది.

7. మెలిక చెప్పిన కథ

1955లో దాదాపు ఒకేసారి రెండు తూటాలు వచ్చాయి: .243 వించెస్టర్, .244 రెమింగ్టన్. రెండింటి గుండు వ్యాసం ఒకటే. రైఫిల్ గొట్టం లోపలి గాళ్ళు గుండును తిప్పుతాయి. గుండు ఎంత పొడవైతే అంత వడిగా తిరగాలి. వించెస్టర్ పది అంగుళాలకు ఒక చుట్టు పెట్టింది. రెమింగ్టన్ మాత్రం తన తూటాను ప్రధానంగా వార్మింట్ వేటకు ఉద్దేశించి తేలిక గుళ్ళకు సరిపడేలా పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు పెట్టింది. కొనుగోలుదారు ఒకే రైఫిల్‌తో వేసవిలో ఉడ్‌చక్‌ను, శరత్తులో జింకను వేటాడాలనుకున్నాడు. జింకకు తగిన వంద గ్రెయిన్ల గుండుకు .244 గొట్టాన్ని నమ్మలేకపోయాడు. .243 గెలిచింది. రెండు రైఫిళ్ళు కొనలేనివాడి నిర్ణయమే మార్కెట్ నిర్ణయమైంది.

.222కు మరో గతి పట్టింది. దానిని సాగదీసి చేసిన 5.56 మిల్లీమీటర్ల తూటాను అమెరికా సైన్యం 1960లలో స్వీకరించింది. దాని పౌరరూపం .223 రెమింగ్టన్. ఉడ్‌చక్‌ను దూరం నుంచి కొట్టడానికి పెరిగిన ‘చిన్న గుండు, పెద్ద వేగం’ అన్న ఆలోచన వియత్నాం అడవుల్లో మనిషిపై ప్రయోగించిన ఆయుధంగా తిరిగివచ్చింది. సైన్యంకోసం కోట్లలో తయారైన తూటా, మిగులు ఇత్తడి పౌర మార్కెట్లో చవకగా దొరికాయి. .222 గురిలో ఏమాత్రం తీసిపోకపోయినా మూలబడింది. నేడు చవక వార్మింట్ రైఫిల్ అనగానే .223 గుర్తుకు రావడం సైనిక బడ్జెట్ ఫలితమే.

8. తెలుగునేల వైపు ఒక చూపు

పంటరక్షణ అవసరం తెలుగు రైతుకూ ఉంది. మంచె, వడిసెల, దిష్టిబొమ్మ దానికి పుట్టిన సాధనాలే. కాని చట్టం ఇక్కడ వేరే మార్గం పట్టింది. భారత ఆయుధ చట్టం (1959) 13వ సెక్షన్ పంటరక్షణ లైసెన్సును ప్రస్తావిస్తూ నోటినుంచి మందు దట్టించే తుపాకినే పేర్కొంటుంది. అమెరికాలో చీడజంతువు పేరుమీద కచ్చితత్వం పెరిగింది. ఇక్కడ అదే అవసరానికి చట్టం ఊహించినది గొట్టంలో గాళ్ళు లేని, దూరదర్శిని ప్రసక్తే లేని, ఒక్కసారి పేల్చి మళ్ళీ దట్టించుకోవలసిన తుపాకి. దాని ఉద్దేశం చంపడం కంటే బెదరగొట్టడానికి దగ్గరగా ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కాకి, ఎలుక, పండ్లు తినే గబ్బిలం వంటివి ‘వర్మిన్’ అన్న పట్టికలో ఉండేవి. అడవిపందికి మాత్రం ఆ పట్టికలో చోటివ్వలేదు. 2022 సవరణ ఆ పట్టికను తొలగించి, ఒక జంతువును చీడగా ప్రకటించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వం వద్ద ఉంచింది. అడవిపందుల వల్ల వేరుశనగ, మొక్కజొన్న పోగొట్టుకున్న రైతు బాధ నిజమైనదే. అయినా ఏది చీడ అన్న నిర్ణయం ఆ రైతు చేతిలో లేదు. అమెరికాలో అది చాలాకాలం రైతు చేతిలోనే ఉండిపోయింది.

9. మిగిలిన లెక్క

మెరియమ్ అంకెలు చివరకు ఎక్కడికి చేర్చాయి? ప్రెయిరీ డాగ్‌పైనే బతికే నల్లకాళ్ళ ఫెర్రెట్ విషం, వ్యాధి, మేత కొరతల వల్ల అంతరించిందనుకున్నారు. 1981లో వయోమింగ్ రాష్ట్రంలోని మీటీట్సీ దగ్గర ఒక చిన్న గుంపు కనిపించింది. 1987 నాటికి మిగిలిన 18 ప్రాణులను పట్టి సంరక్షణ కేంద్రంలో పెంచవలసి వచ్చింది. ఈనాటి ఫెర్రెట్లన్నీ వాటి సంతతే. వాటిని తిరిగి అడవిలో వదలాలంటే ప్రెయిరీ డాగ్ కాలనీలు కావాలి. ఒకప్పటి చీడే ఇప్పటి షరతు అయింది.

ఇక గుండు సంగతి. వార్మింట్ గుండు ముక్కలవడం భద్రత అని హార్నెట్ కాలంలో మెచ్చుకున్నారు. ఆ ముక్కలు సీసం. పొలంలో వదిలేసిన కళేబరాలను తిన్న గద్దలు, రాబందులు సీసం విషానికి గురవుతున్నాయని తరవాతి పరిశోధనలు తేల్చాయి. కాలిఫోర్నియా 2013లో చట్టం చేసి 2019 జులై నుంచి అన్నిరకాల వేటలోనూ సీసపు గుళ్ళను నిషేధించింది. ప్రత్యామ్నాయం రాగి. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకు గుండు పొడవవుతుంది. పొడవైన గుండుకు వడి మెలిక కావాలి. .222, .22-250 పాత గొట్టాలలో పద్నాలుగు అంగుళాలకు ఒక చుట్టు మాత్రమే ఉంటుంది. .244కు 1955లో ఎదురైన ఇబ్బందే ఇప్పుడు సంతలో చవకగా దొరికే పాత రైఫిళ్ళకు ఎదురవుతోంది. తాతనాటి మోడల్ 722ను పొదుపుగా వాడుకుందామనుకున్న కాలిఫోర్నియా రైతు ఆ గొట్టం నిలపగలిగేంత పొట్టి రాగిగుండును వెతుక్కోవాలి, లేదా కొత్త గొట్టం వేయించుకోవాలి.